ఇరవై ఒకటి పాయింట్ ఏడు

శనివారం ఉదయం పదీ ఇరవైకి డిటెక్టివ్ లాకప్ గది ముందు స్టూలు లాక్కుని కూర్చుంది. సాయంత్రం నాలుగింటికి మెకానిక్కుని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అంటే ఆమె చేతిలో ఉన్నది అయిదు గంటల నలభై నిమిషాలు. అందులో ముద్దాయితో మాట్లాడుకోమని ఇన్‌స్పెక్టరు దయతలిచి ఇచ్చింది పావుగంట.

కటకటాల అవతల ఉన్న మనిషిని ఊరంతా కొలతల మేస్త్రి అంటారు. యాభై దాటిన మనిషి. ఏ బండి వచ్చినా కొలవందే నోరు విప్పడు. పెళ్ళిచూపుల్లో కూడా తన ఎత్తు కంటితో కొలిచి అంగుళాలతో సహా చెప్పాడని ఆయన భార్య ఇప్పటికీ వెక్కిరిస్తుంది. నిన్న సాయంత్రం ఆ భార్యే డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చింది. కంట తడి పెట్టలేదు. తన భర్త ఒకరిని మోసం చేసి ఉంటే తానే తీసుకొచ్చి స్టేషన్లో అప్పజెప్పేదాన్నని చెప్పి, ఆయన మందం కొలిచే మైక్రోమీటరు పెట్టెను బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. డిటెక్టివ్ ఇంకేమీ అడక్కుండా కేసు ఒప్పేసుకుంది.

కేసు చూడ్డానికి తేటతెల్లంగా ఉంది. గురువారం ఉదయం ఏడూ పదికి, వాటర్ ట్యాంకు దగ్గర నుంచి దిగే వాలు రోడ్డు మీద రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ కారుకి బ్రేకు పడలేదు. మూడో మలుపులో రాతి గోడకి గుద్దుకుంది. ఆమె రెండు రోజులుగా ఒంటి మీద తెలివి లేకుండా ఆసుపత్రిలో ఉంది. కారు ముందు చక్రాల బ్రేకు డిస్కులు రెండూ అరిగిపోయినవే, ఒకటి నిలువునా పగిలింది. పదిహేను రోజుల క్రితం వాటిని తీసేసి కొత్తవి వేశానని మేస్త్రి బిల్లు రాసిచ్చాడు. కొత్తవని చెప్పి పాతవే ఉంచేశాడన్నది ఇన్‌స్పెక్టరు కట్టిన కేసు. హెడ్‌మిస్ట్రెస్ బతికితే మేస్త్రికి ఒక శిక్ష, బతక్కపోతే ఇంకా పెద్ద శిక్ష. ఎటు తిరిగినా ముప్పై ఏళ్ళ షెడ్డుకి తాళం పడుతుంది.

"నాకు కార్ల గురించి తలుపు తీయడం, సీట్లో కూర్చోవడం తప్ప ఏమీ తెలియదు మేస్త్రిగారూ," అంది డిటెక్టివ్. "చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పండి. డిస్కు మార్చే టైమొచ్చిందని ఎలా తెలుస్తుంది?"

ఆ ప్రశ్న వినగానే మేస్త్రి మొహంలోకి ప్రాణం వచ్చింది. చక్రం లోపల పళ్ళెం లాంటి ఇనప డిస్కు ఒకటి తిరుగుతుందని, బ్రేకు తొక్కగానే క్యాలిపర్ అనేది రెండు ప్యాడ్లతో దాన్ని పిడికిట పట్టుకున్నట్టు పట్టి ఆపుతుందని మొదలుపెట్టాడు. పట్టినప్పుడల్లా రెండూ కాస్త కాస్త అరుగుతాయి. ప్యాడ్లు త్వరగా, డిస్కు నెమ్మదిగా.

"అది చెబుతూనే ఉంటుందమ్మా, మనమే వినం. బ్రేకు తొక్కితే స్టీరింగు వణుకుతుంది. డిస్కు మీద గోరు పెట్టి లాగితే గీతలు తగులుతాయి. అంచున గట్టు లేస్తుంది. వేడెక్కి వేడెక్కి నీలం మచ్చలు పడతాయి. ఇవన్నీ అనుమానం మట్టుకే. తీర్పు చెప్పేది మైక్రోమీటరు. ఈ మోడలుకి కొత్త డిస్కు ఇరవై నాలుగు మిల్లీమీటర్ల మందం. ఇరవై రెండు కంటే తగ్గితే తీసి పారేయాలని డిస్కు మీదే కొట్టి ఉంటుంది. నేను ఎనిమిది చోట్ల కొలుస్తాను. అన్నిట్లోకీ తక్కువ ఏదుంటే అది పుస్తకంలో రాస్తాను."

"హెడ్‌మిస్ట్రెస్ గారివి ఎంత వచ్చాయి?"

"ఎడమది ఇరవై ఒకటి పాయింట్ నాలుగు. కుడిది ఇరవై ఒకటి పాయింట్ అయిదు." పుస్తకం పోలీసుల దగ్గరుంది. అయినా ఒక్క క్షణం తడుముకోలేదు.

మరి కొత్తవి ఎలాంటివి వేశారని అడిగింది. అక్కడ చిన్న గొడవే జరిగిందని మేస్త్రి చెప్పాడు. ఆ రోజు హెడ్‌మిస్ట్రెస్‌తో పాటు ఆమె మరిది కూడా వచ్చాడు. చిల్లులు చిల్లులుగా జల్లెడలా ఉండే డిస్కులు వేయమని, పందెం కార్లకి అవే వేస్తారని పట్టుబట్టాడు. ఎప్పుడు బయల్దేరినా వాలు దిగాల్సిన బండికి అవి వద్దని, వేడికి ఆ చిల్లుల దగ్గరే పగుళ్ళు మొదలవుతాయని మేస్త్రి అన్నాడు. కంపెనీ చెప్పిన మందం, కంపెనీ చెప్పిన వెడల్పు, మధ్యలో గాలి ఆడే సందులున్న మామూలు డిస్కులే తెప్పించాడు. రెండు పక్కలా డిస్కులు మార్చాడు, ప్యాడ్లు కూడా కొత్తవే వేశాడు. పాత ప్యాడ్లు కొత్త డిస్కుని పాడుచేస్తాయట. నాకు తెలియదా అని మరిది మొహం మాడ్చుకున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ మాత్రం, తెలిసినవాళ్ళు చెప్పింది వినడమే చదువంటే అని నవ్విందట.

"బోల్టులు?"

"లెక్క చూపించే రెంచితో బిగిస్తానమ్మా. బిగించాక బోల్టు తల మీద నుంచి పక్కన ఇనుము మీదికి తెల్ల పెయింటుతో ఒకటే గీత గీస్తాను. బోల్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరుగుతుంది. పాత డిస్కులు గోనెసంచిలో చుట్టి వాళ్ళ డిక్కీలోనే పెట్టాను. ఎవరి సామాను వాళ్ళకి ఇచ్చేయడం నా అలవాటు."

డిక్కీలో గోనెసంచి దొరకలేదని ఇన్‌స్పెక్టరు పంచనామాలో రాసి ఉంది. డిటెక్టివ్ ఆ సంగతి చెప్పింది.  మేస్త్రి, ఆవిడకి ఎలా ఉందమ్మా అని అడిగాడు. తన సంగతి అడగలేదు.

పదీ ముప్పై అయిదుకి కానిస్టేబులు వచ్చి టైమైందన్నాడు.

* * *

ఇన్‌స్పెక్టరుకి, డిటెక్టివ్‌కి పాత లెక్క ఒకటి ఉంది. రెండేళ్ళ క్రితం ఆయన దొంగ అని పట్టుకొచ్చిన మనిషిని ఆమె నిర్దోషి అని తేల్చింది. ఆ దెబ్బకి ఆయన ప్రమోషను ఏడాది వెనక్కి పోయింది. అప్పటి నుంచి ఆమె కనిపిస్తే చాలు, ఆయన మాటలకి మర్యాద ఎక్కువవుతుంది. డిటెక్టివ్‌గారూ అని సాగదీసి పిలుస్తాడు. మర్యాదతోనే మనిషిని తూట్లు పొడవగలడని స్టేషన్లో ఆయనకి పేరు.

పదకొండున్నరకి ఇద్దరూ స్టేషను వెనక రేకుల షెడ్డులో ఉన్నారు. హెడ్‌మిస్ట్రెస్ కారు ముక్కు చప్పిడిగా నొక్కుకుపోయి, ముందు చక్రాలు ఊడదీసి, దిమ్మల మీద నిలబెట్టి ఉంది. లోపలి డిస్కులు బయటికి కనిపిస్తున్నాయి. నిపుణుడు ఇచ్చిన నివేదిక ఇన్‌స్పెక్టరు చేతిలో ఉంది.

"మీకు శ్రమ ఎందుకని నేనే చదువుతాను డిటెక్టివ్‌గారూ. ఎడమ డిస్కు ఇరవై ఒకటి పాయింట్ ఏడు. కుడిది, పగిలినది, ఇరవై ఒకటి పాయింట్ ఎనిమిది. రెండూ ఇరవై రెండు కంటే తక్కువ. అంటే రెండూ పారేయాల్సినవి. ఇంకేం కావాలి?"

డిటెక్టివ్ ఆ అంకెలు విని తల పైకెత్తింది.  ముందు చూడాల్సింది చూసేద్దామని మోకాళ్ళ మీద కూర్చుంది.

ఎడమ డిస్కు మీద గోరు పెట్టి లోపలి నుంచి బయటికి లాగింది. గోరు అయిదారు చోట్ల పడుతూ లేచింది. అంచున గట్టు స్పష్టంగా ఉంది. తరవాత క్యాలిపర్‌లోంచి నిపుణుడు బోల్టులు ముట్టకుండా లాగి పక్కన పెట్టిన ప్యాడ్లు తీసుకుని వెలుతురులోకి పట్టింది. వాటి మొహం పలకలా నున్నగా ఉంది. ఒక్క గీత లేదు. అంచున మాత్రం నిన్నో మొన్నో పడినట్టు సన్నటి గాటు.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఈ ప్యాడ్లు ఈ డిస్కుతో కాపురం చేసినవి కావు," అంది.

"అంటే?"

మేస్త్రి బిల్లులో, పోలీసుల పంచనామాలో కారు తిరిగిన కిలోమీటర్లు రాసి ఉన్నాయని, బిల్లు రోజు నుంచి ప్రమాదం దాకా కారు మూడు వందల ఇరవై కిలోమీటర్లు తిరిగిందని ఆమె చెప్పింది. అన్ని కిలోమీటర్లు ఈ గీతల డిస్కుని పట్టుకుని ఉంటే ప్యాడ్ల మీద కూడా అవే గీతలు అచ్చుగుద్దినట్టు పడాలి. ఈ ప్యాడ్లు చాలావరకు నున్నటి డిస్కు మీద తిరిగాయి. ఈ డిస్కులు వాటికి చివర్లో ఎదురయ్యాయి.

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. పొద్దున తలుపు తీయడం తప్ప కార్ల గురించి ఏమీ తెలియదన్న మనిషి పదకొండున్నరకల్లా నిపుణురాలైపోయిందన్నాడు. లాకప్ ముందు ఆమె అన్న మాట ఆయన చెవిన పడిందన్నమాట. డిటెక్టివ్ ఆ పోటుని పట్టించుకోకుండా టార్చి వేసి క్యాలిపర్ బోల్టులు చూసింది. తెల్ల పెయింటు గీతలు నాలుగూ ఉన్నాయి. ఒక్కటీ కలవడం లేదు. బోల్టు మీద గీత ఒక దిక్కు, ఇనుము మీద గీత ఇంకో దిక్కు. తలల మీద స్పానరు జారిన గాట్లు మెరుస్తున్నాయి. కింది బోల్టుని రెండు వేళ్ళతో పట్టుకుంది. అది తిరిగింది. వంగి చూస్తే మూడు మరలు అప్పటికే బయటికి వచ్చేసి ఉన్నాయి.

"గుద్దుకున్న అదురుకి వదులై ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అదురు స్పానరు పట్టుకుని రాదు కదండీ. ఎవరో విప్పారు. విప్పినవాళ్ళకి విప్పడం వచ్చు, బిగించడం రాదు. సరే, ఇదంతా పక్కన పెట్టండి. మీ నివేదికే మళ్ళీ ఒకసారి చదవండి, ఎడమ డిస్కు."

"ఇరవై ఒకటి పాయింట్ ఏడు."

"ఇప్పుడు మేస్త్రి పుస్తకం తెప్పించండి."

పుస్తకం వచ్చింది. నూనె మరకల అట్ట, లోపల మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలు. హెడ్‌మిస్ట్రెస్ పేజీలో, తీసేసిన పాత డిస్కుల కొలత ఎడమది ఇరవై ఒకటి పాయింట్ నాలుగు అని ఉంది. డిటెక్టివ్ రెండు కాగితాలూ కారు బానెట్ మీద పక్కపక్కన పెట్టింది.

"మేస్త్రి పాత డిస్కులే ఉంచేశాడని కదా మీ కేసు. పదిహేను రోజుల క్రితం పాయింట్ నాలుగు ఉన్న డిస్కు ఇప్పుడు పాయింట్ ఏడు ఎలా అయింది? అరిగే వస్తువు లావెక్కిందా?"

ఇన్‌స్పెక్టరు రెండు కాగితాల మీదా వేలు పెట్టి అంకెలు మళ్ళీ చదివాడు. ఆయన అహంకారి గానీ మూర్ఖుడు కాదు. లోపల లెక్క తిరగడం మొహంలోనే కనిపించింది. చివరికి, పుస్తకం దిద్ది ఉండొచ్చన్నాడు.

"పుస్తకం మీరు స్వాధీనం చేసుకున్నది గురువారం పదకొండింటికి. సంతకం మీదే. మీ నిపుణుడు కొలిచింది శుక్రవారం మూడింటికి. రేపు ఏ అంకె వస్తుందో మేస్త్రికి గురువారమే కలలోకి వచ్చిందంటారా?"

ఆయన మర్యాద అప్పుడు పోయింది. నాలుగింటికి తను కోర్టులో ఉండాలని, ఈ డిస్కులు మేస్త్రివీ కాక హెడ్‌మిస్ట్రెస్‌వీ కాకపోతే ఆకాశం నుంచి ఊడిపడ్డాయా చెప్పమని గద్దించాడు. ఆ ప్రశ్నే డిటెక్టివ్‌కి కావాల్సింది. ఈ డిస్కులు ఈ మోడలు కారుకి తప్ప దేనికీ సరిపోవు. మేస్త్రి దగ్గరికి వచ్చే ఈ మోడలు కార్లు ఎన్ని ఉన్నాయో పుస్తకమే చెబుతుంది. ఆమె మొదటి పేజీ నుంచి వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. మూడే ఉన్నాయి. ఒకటి హెడ్‌మిస్ట్రెస్‌ది. ఒకటి పళ్ళ డాక్టరుది, దాని డిస్కులు ఇరవై మూడు పైనే ఉన్నాయి. మూడో కారు పేజీ దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

రెండు నెలల క్రితం కొలత. ఎడమ ఇరవై ఒకటి పాయింట్ ఎనిమిది, కుడి ఇరవై ఒకటి పాయింట్ తొమ్మిది. ఈ రెండు నెలల్లో ఒక్కో పాయింటు అరిగితే సరిగ్గా నివేదికలోని అంకెలు. కింద మేస్త్రి రాత: వెంటనే మార్చాలని చెప్పాను, వినలేదు. ఆ కింద వారం క్రితం శనివారం తేదీ: ఫోన్ చేశారు, రేపు కుటుంబంతో కొండదారి ప్రయాణమట, ఇవాళే డిస్కులు కావాలట, తెప్పించడానికి మూడు వారాలు పడుతుంది, ఈ డిస్కులతో కొండెక్కొద్దని చెప్పాను.

పేజీ పైన రాసి ఉంది: హెడ్‌మిస్ట్రెస్ గారి మరిది.

* * *

రెండుంబావుకి ఇన్‌స్పెక్టరు జీపు వాటర్ ట్యాంకు పక్క వీధిలో ఆగింది. ఆమె తప్పని తేలిపోతే కళ్ళారా చూడాలని వస్తున్నానని ఆయన దారంతా చెబుతూనే ఉన్నాడు. ఒకే కాంపౌండులో రెండు వాటాల ఇల్లు. ముందు వాటాలో హెడ్‌మిస్ట్రెస్ ఒక్కతే ఉంటుంది. భర్త పోయి ఏడేళ్ళయింది. వెనక వాటాలో మరిది కుటుంబం. అన్నదమ్ములిద్దరూ ఒకే రోజు ఒకే మోడలు కార్లు కొన్నారట.

ఇనప గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. గాలికి మూసుకోకుండా ఒక్కో రెక్కకి ఒక్కో తుప్పు పట్టిన ఇనప చక్రం ఆనించి ఉంది. డిటెక్టివ్ వంగి చూసి, మాట్లాడకుండా మైక్రోమీటరు పెట్టె తీసి ఇన్‌స్పెక్టరుకి అందించింది. అంచు తుప్పు గీకి, ఎనిమిది చోట్ల ఆయన చేతే కొలిపించింది. ఆయన మూడుసార్లు సరిచూసుకున్నాడు.

"ఇరవై ఒకటి పాయింట్ నాలుగు," అన్నాడు. రెండోది పాయింట్ అయిదు. హెడ్‌మిస్ట్రెస్ పారేయడం ఇష్టంలేక గేటుకి అడ్డం పెట్టించుకున్న ఆమె పాత డిస్కులు అవే. మేస్త్రి వాటిని తీసిన మాట నిజం. ఈసారి ఇన్‌స్పెక్టరు మాటల్లో సాగదీత లేదు.

మరిది వరండాలోకి ఎదురొచ్చాడు. మోటార్ల రివైండింగు షాపు ఆయనది. ఇంట్లో మిక్సీ దగ్గర నుంచి పక్కింటివాళ్ళ నీళ్ళ పంపు దాకా అన్నీ తానే విప్పుతాడు, ఇంకొకరి చేతికి ఇవ్వడు. అలసిన కళ్ళు, మాసిన గడ్డం. వదిన తనకి తల్లితో సమానమని, ఆ మేస్త్రిని వదలొద్దని, కూర్చోకముందే అందుకున్నాడు. ఆ దుఃఖం నటన కాదని డిటెక్టివ్‌కి అనిపించింది. అందుకే ఆమెకి మరింత కోపం వచ్చింది.

పోయిన శనివారం మధ్యాహ్నం ఎక్కడున్నారని అడిగింది. షాపులో అన్నాడు. ఆదివారం? కుటుంబంతో ఊరు వెళ్ళాం, బుధవారం సాయంత్రం వచ్చాం అన్నాడు. మొత్తం ఎన్ని కిలోమీటర్లు? తొమ్మిది వందలు ఉంటుందన్నాడు. కొండదారిలో బ్రేకులు ఎలా పనిచేశాయి?  బాగానే పనిచేశాయన్నాడు.

"అరిగిపోయిన డిస్కులతోనా?"

"ఆ మేస్త్రి అలాగే బెదిరిస్తాడండీ. నాకు పనిముట్ల సంగతి తెలుసు. నా డిస్కులకేం, నిక్షేపంలా ఉన్నాయి."

చూడొచ్చా అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. కారు వెనక సందులో షెడ్డులో ఉందని, కారు తాళం చెవి ఎక్కడ పెట్టానో వెతకాలని మరిది అన్నాడు. ఆ మాట పూర్తవకముందే లోపల ఫోను మోగింది. నిమిషంలో ఆయన భార్య చీర కొంగు సర్దుకుంటూ పరుగున వరండాలోకి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. ఆసుపత్రిలో తోడుగా ఉన్న తమ కూతురు చేసింది. తోడికోడలు కళ్ళు తెరిచిందట, నీళ్ళు అడిగిందట, తనని చూడాలందట.

డిటెక్టివ్ గుండె కూడా తేలికైంది. ఆ క్షణంలో ఆమె మరిది మొహం చూసింది. అక్కడ సంతోషం వచ్చింది, వెంటనే భయం దాన్ని తొక్కేసింది. భార్య చేతిలో కారు తాళం చెవి ఉంది.

"ఆటోలో వెళ్ళు," అన్నాడాయన. "కారు వద్దు."

"కారుండగా ఆటో ఏంటండీ? ఆటో వచ్చేదాకా ఎవరాగుతారు? అక్క పిలుస్తోంది." ఆమె అప్పటికే పెరటి గుమ్మం దాటింది.

ఆయన లేవబోయి ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. వెనక సందులో కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. తరవాత అది దూరమైంది. టైము రెండూ ఇరవై ఎనిమిది.

"కారెందుకు వద్దన్నారు?" అని అడిగింది డిటెక్టివ్.

"ఊరికే. ట్రాఫిక్కు."

"కాదు. ఆసుపత్రి బయట పోలీసులు ఉంటారు, మీ కారు చక్రాల్లోంచి మెరిసే కొత్త డిస్కులు ఎవరి కంటైనా పడతాయని. మూడు జతల లెక్క ఇది. మీ వదిన పాతవి గేటు దగ్గరున్నాయి. మీ పాతవి ఆవిడ కారుకి ఉన్నాయి. ఆవిడ కొత్తవి మీ కారుకి ఉన్నాయి. మీరే విప్పారు, మీరే బిగించారు."

రుజువేంటన్నాడు మరిది. గొంతు లేచింది. తన ఇంట్లో కూర్చుని తనని హంతకుడు అంటున్నారని ఒంటికాలి మీద లేచాడు. ఇన్‌స్పెక్టరు కూడా కుర్చీలోంచి లేచాడు. డిటెక్టివ్ మాత్రం కదల్లేదు. ఆమె ఆలోచన అప్పటికి ఆయన నేరం మీద లేదు. స్టేషను షెడ్డులో తన రెండు వేళ్ళ మధ్య తిరిగిన బోల్టు మీద ఉంది. 

"బోల్టులు దేంతో బిగించారు?" అని అడిగింది.

"ఏ బోల్టులు?"

"వినండి. మీ వదిన కారుకి మీరు బిగించిన బోల్టు నాలుగైదు రోజుల ఊరి తిరుగుడుకే మూడు మరలు బయటికొచ్చింది. నా చేత్తో తిప్పి చూశాను. లెక్క చూసి బిగించకపోతే కుదుపుకి కాస్త కాస్త తిరిగి వచ్చేస్తుంది. మీ కారుకి కూడా అదే చేత్తో, అదే స్పానరుతో బిగించారు. అది తొమ్మిది వందల కిలోమీటర్లు తిరిగింది. అందులో మీ ఆవిడ వాలు దిగుతోంది."

  ఒప్పుకుంటే తన బతుకు పోతుంది, ఒప్పుకోకపోతే భార్య పోతుంది. ఆ లెక్క వేసుకోవడానికి మరిదికి రెండు క్షణాలు పట్టింది. ఆ రెండు క్షణాలనీ డిటెక్టివ్ తరవాత చాలా రోజులు మరిచిపోలేకపోయింది.

ఆయన జేబులోంచి ఫోను తీసి నంబరు నొక్కాడు. లోపల గదిలో బల్ల మీద ఫోను మోగింది. ఆమె హడావుడిలో ఫోను ఇంట్లోనే వదిలేసింది.

"నేనే మార్చానండీ," అన్నాడు.  "శనివారం వదిన లేనప్పుడు. నాలుగు రోజులే కదా అనుకున్నా. గురువారం సాయంత్రం మళ్ళీ ఎవరివి వాళ్ళకి బిగించేద్దామనుకున్నా. వదిన వారం మధ్యలో కారు పెద్దగా తీయదు. పిల్లలతో కొండెక్కాలి, వదినైతే బజారుకి నెమ్మదిగా వెళ్ళొస్తుంది కదా అని. ఆపండి సార్. దాన్ని ఎలాగైనా ఆపండి."

ఇన్‌స్పెక్టరు ఆయన్ని రెక్క పట్టుకుని జీపు వెనక సీట్లోకి తోశాడు. డిటెక్టివ్ ముందు ఎక్కింది. ఇన్‌స్పెక్టరే స్టీరింగు పట్టుకున్నాడు. వీధి మలుపు తిరుగుతూనే స్టేషనుకి ఫోను చేశాడు. లాకప్ తాళం తీసి, మేస్త్రిని బయటికి తీసుకొచ్చి, కుర్చీ వేసి ఫోను ఇమ్మన్నాడు. అవతల కానిస్టేబులుకి అర్థంకాక మళ్ళీ అడిగితే, కుర్చీ వేసి ఇవ్వు అని మళ్ళీ చెప్పాడు.

"మేస్త్రిగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ పిలుపు ఆయన నోట మొదటిసారి వచ్చింది. "బోల్టులు వదులైన కారు వాలులో పోతోంది. డ్రైవరు దగ్గర ఫోను లేదు. మేము వెనక ఉన్నాం. ఏం చేయాలి?"

అవతల మేస్త్రి ఎవరి కారని అడగలేదు, తన కేసేమైందని అడగలేదు. బోల్టులు బిగించాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడిగాడు. తొమ్మిది వందలని ఇన్‌స్పెక్టరు చెప్పాడు.

"హారన్ కొట్టకండి సార్, కంగారుపడి గట్టిగా తొక్కేస్తారు. వెనక ఎర్ర లైట్లు చూడండి. లైట్లు వెలిగినప్పుడు కారు నెమ్మదిస్తే ఇంకా బ్రేకు ఉన్నట్టు. పక్కకి వెళ్ళి చెయ్యూపి, గేరు తగ్గించి గోడ వైపు ఆపమనండి. లైట్లు వెలిగినా నెమ్మదించకపోతే ఆలోచించకండి. దాన్ని దాటి ముందుకెళ్ళండి. మీ వెనక బంపరు దాని ముక్కుకి ఆనించి, మీ బ్రేకు మెల్లమెల్లగా వేయండి. ఒక్కసారిగా వేస్తే రెండూ బోల్తా కొడతాయి."

మొదటి మలుపు దాటగానే కింద, వెనక సందు చుట్టూ తిరిగి రోడ్డెక్కిన మరిది బూడిద రంగు కారు కనిపించింది. రెండో మలుపు ముందు దాని ఎర్ర లైట్లు వెలిగాయి. వెనక సీట్లో మరిది, అమ్మయ్య, తొక్కింది, ఆగుతుంది అని గొణుక్కున్నాడు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. కారు మలుపు అంచు ఒరుసుకుంటూ తిరిగి మూడో మలుపు వైపు ఇంకా వేగంగా పోతోంది.

ఇన్‌స్పెక్టరు ఫోను డిటెక్టివ్ చేతిలో పెట్టాడు. మేస్త్రిగారిని లైన్లోనే ఉండమనండి అని, ఆ కారుని దాటడానికి జీపుని రోడ్డు బయటి అంచుకి తీశాడు.